పది సెంట్ల చెరువు – 3వ పాఠం: జానకూ మూరకూ మధ్య

రెండో పాఠంలో చెప్పినట్టు చేసి ఉంటే, ఈపాటికి మీ చెరువు నేల ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది. సెంటుకు కిలో చొప్పున పది కిలోల సున్నం చల్లి, వారం ఆగి, నాలుగైదు అడుగుల నీళ్లు పెట్టి ఉంటారు. గట్టుమీద నిలబడితే అడుగు కనిపిస్తుంది. దారిన పోయేవాళ్లు ఆగి, ‘నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇంకా చేపపిల్లలను తేలేదేం?’ అని అడుగుతుంటారు. అద్దంలా ఉండడమే అసలు చిక్కు. తాగేందుకు పనికొచ్చే నీళ్లు వేరు, చేపను పెంచే నీళ్లు వేరు. అంత తేట నీటిలో చేపపిల్లను వదిలితే అది మీరు వేసే తవుడు కోసం గట్టువైపు చూస్తూ బతకాలి. తవుడు ఊరికే రాదు కదా.

ఈ పాఠంలో నేర్చుకోవలసింది నీళ్లను చేత్తో చదవడం. దీనికి కొనవలసిన పరికరం ఏదీ లేదు.

ముందు పేడ

నీటిలో పేడ కలిస్తే అందులోని పోషకాలను, పైనుంచి వచ్చే ఎండను పట్టుకుని కంటికి ఆనని పచ్చటి మొక్కలు కోట్లలో పుడతాయి. వాటిని తింటూ పిండిరవ్వంత ప్రాణులు పెరుగుతాయి. మొదటివి వృక్ష ప్లవకాలు, రెండోవి జంతు ప్లవకాలు. మనం పెంచే మూడు కార్పు చేపల్లో బొచ్చె పైపొరలో తిరుగుతూ ముఖ్యంగా జంతు ప్లవకాలను జల్లెడ పట్టినట్టు పట్టి తింటుంది. శీలావతి నడిమి నీటిలో నాచు, కుళ్లిన ఆకు వంటివి తింటుంది. ఎర్రమోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. ముగ్గురికీ వంట ఒకే పొయ్యి మీద అవుతోంది, ఆ పొయ్యిలో కట్టె పేడ.

మొదటి విడతకు సెంటుకు ఐదు నుంచి ఏడు కిలోల పచ్చి పేడ సరిపోతుంది. మన పది సెంట్లకు యాభై నుంచి డెబ్బై కిలోలు. కోళ్ల ఎరువైతే అందులో మూడో వంతు చాలు, దాని ఘాటు ఎక్కువ. పేడను ముందురోజు రాత్రి డ్రమ్ములో నీళ్లు పోసి నానబెట్టి, తెల్లారి ఎండెక్కాక గట్టు చుట్టూ తిరుగుతూ చిలకరించండి. బండి తెచ్చి ఒక మూల కుమ్మరించి వెళ్లిపోవద్దు. ఆ కుప్ప అడుగున కుళ్లి, నల్లబడి, చెడు వాయువులు విడుస్తుంది.

రెండో విడత నుంచి నేను పేడను గోనెసంచిలో నింపి, మూతి కట్టి, గట్టుకు దగ్గరగా పాతిన గుంజకు వేలాడదీస్తాను. సారం కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. ఈ ఆలోచన నాది కాదు. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు వైపు పెద్ద చెరువుల్లో తవుడును, వేరుశనగ చెక్కను చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి వరుసగా కట్టిన కర్రలకు వేలాడదీస్తారు. చేప వచ్చి సంచిని పొడుచుకుని తింటుంది, మేత అడుగున పడి వృథా కాదు. వాళ్లు మేతకు చేసింది నేను పేడకు చేస్తున్నాను. సంచి వల్ల ఇంకో మేలు ఉంది, దాని సంగతి కిందకు వచ్చాక తెలుస్తుంది.

ఇప్పుడు చేయి

పేడ వేసిన నాలుగైదు రోజులకు నీటి రంగు మారడం మొదలవుతుంది. లేత ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చలో కొంచెం గోధుమ రంగు కలిసినట్టు. రంగు కంటికి మోసం చేస్తుంది, మబ్బు పడితే ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది. అందుకే కొలవాలి.

ఉదయం పది, పదకొండు గంటల మధ్య, సూర్యుడు మీ వీపువైపు ఉండేలా, నడుము లోతు నీటిలో నిలబడండి. అడుగు బురద కదిలి ఉంటుంది, తేరుకునేదాకా కదలకుండా ఉండండి. అరచేయి పైకి కనిపించేలా మణికట్టు దగ్గర మడిచి, చేతిని నిటారుగా నెమ్మదిగా దించండి. అరచేయి కనుమరుగైన చోట ఆపండి. నీటిమట్టం చేతి మీద ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. అరచేతి నుంచి ఆ గుర్తుదాకా ఉన్న దూరమే ఈ రోజు మీ చెరువు చెప్పిన మాట.

జానెడు కంటే తక్కువ లోతులోనే అరచేయి మాయమైతే పచ్చదనం మితిమీరింది, పేడ ఆపాలి. మూరెడు దించినా కనిపిస్తూనే ఉంటే నీళ్లు ఆకలితో ఉన్నాయి, ఇంకొంత వేయాలి. ఈ రెంటి మధ్య ఉంటే చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లవచ్చు. జాన అంటే సుమారు 22 సెంటీమీటర్లు, మూర 45. చేపల శాస్త్రవేత్తలు మంచి చెరువుకు చెప్పే లెక్క 25 నుంచి 40 సెంటీమీటర్లు. బట్ట కొలిచిన కొలతలే చెరువుకూ సరిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

శాస్త్రవేత్తలు దీన్ని నలుపు తెలుపు రంగులు వేసిన 20 సెంటీమీటర్ల పళ్లెంతో చేస్తారు. దాని పేరు సెక్కీ పళ్లెం. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పోపు గారి ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్ల పళ్లాలు దించి, ఎంత లోతున కనుమరుగవుతాయో చూశాడు. చుక్కలు చూసే మనిషి నీళ్లలోకి చూశాడన్నమాట. మీరు డబ్బా మూతకు రంగువేసి, మేకు దించి, తాడు కట్టి అదే పళ్లెం చేసుకోవచ్చు. చేతితోనే కొలిచేటట్టయితే రోజూ ఒకే మనిషి, ఒకే చోట, ఒకే వేళకు కొలవాలి. మీ మూర, మీ ఆవిడ మూర ఒకటి కావు.

ఒక జాగ్రత్త. వాన నీరు గట్టు మట్టిని కోసుకొచ్చి నీళ్లు ఎర్రబడినా అరచేయి జానెడులోనే మాయమవుతుంది. అది పచ్చదనం కాదు, మట్టి. ఎండ లోపలికి దిగనివ్వదు కాబట్టి అక్కడ మేతా పుట్టదు. అనుమానం వస్తే గాజు సీసాలో నీళ్లు ముంచి ఎండకు ఎదురుగా పట్టండి. రవ్వల్లాంటివి ఎగురుతూ, ఆగుతూ, మళ్లీ ఎగురుతూ ఉంటే మీ చెరువు బతికి ఉన్నట్టే. అవి లేకుండా, సీసాను కాసేపు కదపకుండా ఉంచినప్పుడు అడుగున మట్టి చేరితే, ముందు గట్టు మీద గడ్డి నాటే పని చూడండి. పేడతో ఆ సమస్య తీరదు.

తెల్లవారుజామున నాలుగింటికి

నా మొదటి చెరువులో పచ్చదనం ఎంత చిక్కబడితే అంత సంబరపడ్డాను. అరచేయి బెత్తెడు లోతులోనే మాయమయ్యేది. చేపలు బాగా పెరుగుతున్నాయని ఇంకా పేడ వేశాను. శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున వెళ్లేసరికి నీటి నిండా నోళ్లు. కొన్ని అప్పటికే వెల్లకిలా తిరిగి ఉన్నాయి. మిగిలినవి నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, పైపొరను గుటకలు వేస్తున్నాయి. చప్పట్లు కొట్టినా లోపలికి పోలేదు.

అప్పుడు నాకు అర్థం కాని సంగతి ఇది. పగలు ఎండలో పచ్చటి ప్లవకాలు ఆక్సిజన్ తయారుచేస్తాయి. చీకటి పడ్డాక అవి కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటాయి. పేడను కుళ్లబెట్టే బాక్టీరియా పగలూ రాత్రీ వాడుకుంటూనే ఉంటుంది. 30 డిగ్రీల వేడి నీటిలో గాలితో కలిసి నిలిచే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. చేప హాయిగా ఉండాలంటే ఐదు కావాలి, మూడు కంటే తగ్గితే దానికి కష్టకాలం. ముసురులో పగలు తయారయ్యేది తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. ఆదాయం తగ్గి ఖర్చు తగ్గని ఇల్లు ఏమవుతుందో చెరువూ అదే అవుతుంది. ఆక్సిజన్ అడుగంటే వేళ తెల్లవారుజాము.

అందుకే మబ్బు పట్టిన రోజుల్లో నాలుగింటికి టార్చి పట్టుకుని గట్టు మీదకు వెళ్లండి. ముందుగా తెలిపేది చేపలు కూడా కాదు. నత్తలు, చిన్న రొయ్యలు నీటి అంచుకు పాకి వస్తాయి. ఆ తరువాత చేపలు పైకి తేలతాయి. చప్పట్లకు దిగిపోయి, పొద్దెక్కాక మళ్లీ కనిపించకపోతే అది హెచ్చరిక. దిగకపోతే ప్రమాదం. వెంటనే మేత, పేడ ఆపి, ఇంజను పెట్టి కొత్త నీళ్లు తోడండి. కొత్త నీళ్లు లేకపోతే చెరువు నీళ్లనే తోడి, ఎత్తు నుంచి చిల్లుల పళ్లెం మీదుగా వానలా పడేలా పోయండి. నీరు గాలిలో ఎంత చెదిరితే అంత మేలు. ఇంజనూ లేకపోతే ఇంట్లో ఉన్నవాళ్లంతా బిందెలతో దిగాలి. నేను ఆ పొద్దున అదే చేశాను.

ఇప్పుడు సంచి మేలు చెబుతాను. చల్లిన పేడను వెనక్కి తీయలేం. వేలాడదీసిన సంచిని మబ్బు చూడగానే గట్టుమీదకు లాగేయవచ్చు.

పరిగెలను ఎందుకు ఉంచమన్నాను

కిందటి పాఠం చదివి ఒకాయన ఫోను చేశారు. నీళ్లు ఎండగట్టలేని చెరువుల్లో అందరూ ఇప్పపిండి (నూనె తీసిన ఇప్పగింజల చెక్క) వేసి పాత చేపలన్నిటినీ చంపేయమంటుంటే, మీరు వలలాగి, చేపపిల్లలను మింగే కొరమీను, వాలుగలను మాత్రమే తీసేసి, పరిగెలనే చిన్న చేపలను వదలమన్నారేమిటని. పెద్ద చెరువు వ్యాపారికి ఇప్పపిండి సరైన లెక్కే, మూడు వారాలకు దాని విషం పోయి ఎరువుగానూ పనిచేస్తుంది. మనది పది సెంట్లు. రెండు వందల కార్పు చేపలు పెరిగి అమ్మకానికి వచ్చేసరికి ఎనిమిది నెలలు పడుతుంది. ఆలోగా ఇంట్లో పిల్లలు ఏం తినాలి?

బంగ్లాదేశ్ పల్లెల్లో మోలా అనే వేలెడు చేప ఉంది. విటమిన్ ‘ఎ’ దానిలో విశేషంగా ఉంటుందని, అదీ ఎక్కువగా కళ్లలో, పొట్టలో ఉంటుందని అక్కడ పరిశోధించి చెప్పినవారిలో ముఖ్యులు శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. కార్పులతో పాటే ఇంటి చెరువులో మోలాను పెంచే పద్ధతికి ఆమె కృషి దారి వేసింది. ఆమెకు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన పరిగెల్లో విటమిన్ ‘ఎ’ అంత ఉంటుందని నేను అనను. ముల్లుతో సహా నమిలే చిన్న చేప ఏదైనా ఎముకలకు కావలసిన సున్నం (కాల్షియం) మాత్రం దండిగా ఇస్తుంది. శీలావతి ముక్కలో ముల్లును మనం పళ్లెం అంచున పెట్టేస్తాం కదా.

పరిగెలను బండ మీద ఉప్పువేసి పామి పొలుసు పోగొట్టండి, తల మాత్రం తీయవద్దు. చింతపండు పులుసులో మెత్తగా ఉడికితే పిల్లలూ తింటారు. చెరువులో ఇవి వాటంతట అవే గుడ్లు పెట్టి పెరుగుతాయి, వారానికోసారి చిన్న వలతో కూర మందం తీసుకుంటూ ఉండాలి. తీయకుండా వదిలేస్తే కార్పుల మేతకు పోటీ వస్తాయి.

ఈ వారం పని

ఒక నోటుపుస్తకం గట్టు దగ్గర ఉంచండి. నా పుస్తకంలోని నాలుగు వరుసలు ఇలా ఉంటాయి.

సోమ. ఎండ. మూర దాటింది. రంగు లేదు. పేడ సంచి కొత్తది కట్టాను.
బుధ. ఎండ. మూరకు రెండు వేళ్లు తక్కువ. లేత ఆకుపచ్చ. సీసాలో రవ్వలు కనిపించాయి.
శుక్ర. మబ్బు. జానా నాలుగు వేళ్లు. సంచి పైకి తీశాను.
శని. నాలుగింటికి చూశాను. నత్తలు నీటి లోపలే ఉన్నాయి.

వరుసగా మూడు రోజులు జానకూ మూరకూ మధ్య రానిదే చేపపిల్లలకు బయానా ఇవ్వవద్దు. వచ్చాక రెండు బకెట్లు, ఒక పాత దోమతెర సిద్ధం చేసుకోండి. నాలుగో పాఠంలో ఆక్సిజన్ నింపిన సంచిలో వచ్చే పిల్లలను చెరువు నీటికి ఎలా అలవాటు చేయాలో చూద్దాం.