జపనీస్-ఫ్రెంచ్ బేకరీకి వెళ్లే ముందు జాగ్రత్తలు

క్రోసాంలు (పొరలుపొరలుగా ఉండే వెన్న రొట్టెలు) ఓవెన్లోంచి ఏ వేళకి దిగుతాయో ముందే కనుక్కోండి. పేరున్న చోట అవి వాయిల వారీగా వస్తాయి. తలుపు తీయగానే అన్నీ ఉండవు, ఆలస్యమైతే ఖాళీ ట్రేలే మిగులుతాయి.

చాలాచోట్ల ట్రే, పట్టకారు తీసుకుని మనమే ఎంచుకోవాలి. క్రోసాంని నడుం దగ్గర నొక్కి పట్టుకుంటే పొరలు పొడి అయిపోతాయి; పట్టకారు అడుగుకి పోనిచ్చి ఎత్తండి. ఒకసారి ముట్టుకున్నది తిరిగి పెట్టకూడదు.

అలర్జీ ఉన్నవాళ్లు, శాకాహారులు పేర్లు చూసి మోసపోవద్దు. అసలు చిక్కు ఇక్కడే:
- కరీపాన్‌లో (కూర నింపి వేయించిన బన్ను) కూరగాయలే అనుకుంటారు, తరచూ మాంసం ఉంటుంది.
- మెంతైకో బాగెట్ (పొడవాటి ఫ్రెంచ్ రొట్టె) మీద ఎర్రటి పూత ఉత్త కారం కాదు, మిరపకాయతో ఊరబెట్టిన చేపగుడ్లు.
- మూస్ (నురగలాంటి క్రీము) కేకుల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్, మోంబ్లాలో (చెస్ట్నట్ క్రీము కేకు) రమ్ము ఉండొచ్చు.
- 1874లో టోక్యోలోని కిమురాయ బేకరీలో పుట్టిన బన్ను ఆన్‌పాన్‌లో తీపి అజుకి (ఎర్ర చిక్కుడు గింజల) ముద్దే ఉన్నా, పైన మెరుపు సాధారణంగా గుడ్డు పూతే.
- మాచాలో (జపాన్ గ్రీన్ టీ పొడి) కెఫీన్ ఉంటుంది. పిల్లలకు కొనేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇంటికి తెచ్చేవైతే, క్రీము కేకులకి ఐస్ ప్యాక్ అడగండి. బయట 2 గంటలు దాటనివ్వొద్దు. వేడి క్రోసాంని ప్లాస్టిక్ సంచిలో కట్టారంటే దాని ఆవిరికి అదే మెత్తబడుతుంది, కాగితం సంచే మేలు. మళ్లీ వేడి చేయాలంటే ఓవెన్లో 160 డిగ్రీల దగ్గర 4-5 నిమిషాలు చాలు. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరే! షొకుపాన్ (మెత్తటి జపనీస్ బ్రెడ్) వేడిగా దొరికితే కోయించకండి, చల్లారేదాకా ఆగకపోతే ముక్కలు నలిగి ముద్దవుతాయి.