బ్యాంకు కాగితాల మీది ఇంగ్లీషు మాటలకి అర్థాలు, సంతకం పెట్టకముందే చూసుకోండి

ముందు ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ బాండ్లు అన్నీ బయటికి తీసి మోడ్ ఆఫ్ ఆపరేషన్ అని ఎక్కడుందో వెతకండి, దాని పక్కన ఉండేది చిన్న ముక్కే కానీ డబ్బులు ఎవరి చేతికిస్తారో తేల్చేది అదే. సింగిల్ అంటే తెలిసిందే. జాయింట్లీ అని ఉంటే ఎంతమంది పేర్లుంటే అంతమందీ సంతకం పెట్టాలి. ఈ ఆర్ ఎస్ అంటే ఐదర్ ఆర్ సర్వైవర్, అంటే ఇద్దరిలో ఎవరెళ్ళినా తీసుకోవచ్చు, ఒకరు కాలం చేస్తే మిగిలిన వాళ్ళకిస్తారు. ఎఫ్‌డీ గడువు కాకముందే తీయాలంటే మాత్రం చాలా చోట్ల ఇద్దరి సంతకాలూ అడుగుతారు, అది ముందే కనుక్కోండి.

అసలు చూసుకోవాల్సింది ఫార్మర్ ఆర్ సర్వైవర్. మా నాన్న వ్యవసాయం చేస్తారు, బాండు మీద ఆ మాట చూసి రైతులకిచ్చే ఎఫ్‌డీ ఏమో అనుకున్నాం ఇంట్లో అందరం. స్పెల్లింగ్ చూడండి, ఎఫ్ పక్కన ఏ ఉంటే రైతు, ఓ ఉంటే మొదటి పేరున్న మనిషి. ఆ మొదటి మనిషి ఉన్నన్నాళ్ళూ ఆయన సంతకమే చెల్లుతుంది, రెండో పేరు వాళ్ళకి ఆయన తర్వాతే. నాన్న ఐసీయూలో ఉంటే అమ్మ నా పేరు కూడా ఉంది కదా అని బాండు పట్టుకుని కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడింది, ఇవ్వలేదు. రూల్ అదే, కాదనను, కానీ ఖాతా తెరిచిన రోజు ఆ గడిలో టిక్ పెట్టించేటప్పుడు ఎవరైనా ఒక్క ముక్క తెలుగులో చెప్పుంటే అమ్మకి ఆ రోజు ఆ తిప్పలు ఉండేవి కావు. నాన్న ఇంటికొచ్చాక ఇద్దరూ వెళ్ళి రాసిచ్చి ఈ ఆర్ ఎస్‌గా మార్పించుకున్నారు, మీరూ అలాగే మార్పించుకోవచ్చు.

నామినీ అంటే వారసుడు అనుకుంటారు చాలామంది, కాదు. బ్యాంకు ఎవరికి అప్పజెప్పాలో ఆ పేరు, అంతే. డబ్బు మీద హక్కు వారసులదే, నామినీ వాళ్ళ తరఫున తీసుకుంటాడు. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా పేర్లు రాయొచ్చు.

చెక్కు మీద పేరు రాసే గీత చివర ఆర్ బేరర్ అని ఉంటుంది, కొట్టేయకపోతే అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు డబ్బు తీసుకోగలరు. ఎడమవైపు పైమూల రెండు గీతలు గీసి మధ్యలో అకౌంట్ పేయీ అని రాస్తే ఆ పేరున్న ఖాతాలోకే వెళ్తుంది. స్టేల్ చెక్ అంటే తేదీ దాటి 3 నెలలు అయిపోయింది, ఇక చెల్లదు.

ఇనాపరేటివ్ అని వస్తే కంగారు పడొద్దు, 2 ఏళ్ళుగా మీరు ఆ ఖాతాలో వేయడం తీయడం చేయలేదని అర్థం, కేవైసీ కాగితాలు, అంటే మీ గుర్తింపు, చిరునామా చూపించేవి ఇస్తే మళ్ళీ తెరుస్తారు. 10 ఏళ్ళు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న ఫండ్‌కి వెళ్తుంది, అయినా మీదే, మీ బ్యాంకులోనే అడగాలి. తాతల నాటి ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలీకపోతే రిజర్వ్ బ్యాంకు వాళ్ళ ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకండి.