స్పానిష్‌లో ‘సె’ క్రియలు నేర్చుకోవడం ఎలా? మన ‘కో’ ఉందిగా

మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈమధ్య ఫోన్లో స్పానిష్ మొదలెట్టి రిఫ్లెక్సివ్ క్రియల (చేసే పని చేసేవాళ్ళకే తగిలేవి, చివర ‘సె’ ఉండేవి) దగ్గర ఆగిపోయాను, ఏ వీడియో చూసినా మైసెల్ఫ్ యువర్‌సెల్ఫ్ అంటారు, బుర్రకెక్కదు. ఓరోజు అన్నానికి కూర్చోబోతుంటే అమ్మ "ముందు చేతులు కడుక్కోరా, తిన్నాక ఆ కంచాలు కడుగు" అంది, అదిగో అప్పుడు వెలిగింది. కంచాలు కడగడం లవార్, చేతులు కడుక్కోవడం లవార్సే. ఒడియాలో మామూలుగా రెండింటికీ ధోఇబానే, అటునుంచి ఆలోచిస్తే తట్టేది కాదు.

కాబట్టి ముందు క్రియ చివర ‘సె’ ఉందా చూడండి. పెయినార్ అంటే తల దువ్వడం, పెయినార్సే దువ్వుకోవడం. వాక్యంలో పెట్టేటప్పుడు ఆ సె ఊడొచ్చి క్రియ ముందు కూర్చుంటుంది, పైగా మనిషిని బట్టి మారుతుంది (మన ‘కో’కి ఈ గొడవ లేదు): నేనైతే మె లావో, నువ్వైతే తె లావాస్, అతను సె లావా, మేము నోస్ లవామోస్, వాళ్ళు సె లావాన్. మీరంతా అనడానికి స్పెయిన్‌లో ఓస్ లవాయిస్, లాటిన్ అమెరికాలో అది వాడరు, సె లావాన్‌తోనే సరిపెట్టేస్తారు.

చేతులు కడుక్కుంటాను అనాలంటే మె లావో లాస్ మానోస్. ‘నా’ చేతులు అని పెట్టక్కర్లేదు, మనం మాత్రం పెడతామా ఏంటి?

అన్నిచోట్లా ‘కో’ పనిచేయదండోయ్. లెవంతార్ లేపడం, లెవంతార్సే లేవడం. ఇంకొన్నిటికి మన ‘పోవడం’ బాగా అతుకుతుంది: ఈర్ వెళ్ళడం, ఈర్సే వెళ్ళిపోవడం. దోర్మీర్ దగ్గర మాత్రం ‘పోవడం’ లెక్క కూడా కుదరదు, దోర్మీర్ అంటేనే నిద్రపోవడం, దోర్మీర్సే అంటే నిద్రలోకి జారుకోవడం. నాకు బాగా నచ్చింది ఇదే.

మె కనిపించిన ప్రతిదీ రిఫ్లెక్సివ్ కాదు. మె గుస్తా ఎల్ కఫే అంటే నాకు కాఫీ ఇష్టం, ఆ మె ‘నాకు’ అన్నమాట. నేను దీన్ని కూడా ఆ లిస్టులో రాసుకుని వారం రోజులు తప్పుగా చదివాను.

చివరిగా, ఎవరికైనా చెయ్యమని చెప్పేటప్పుడు ఆ ముక్క మళ్ళీ వెనక్కెళ్ళి అతుక్కుంటుంది, అచ్చం కడుక్కోలో ‘కో’ లాగే: లావతె లాస్ మానోస్. వద్దు అనాలంటే మళ్ళీ ముందుకొస్తుంది, నో తె లావెస్. చేతులు కడుక్కోవద్దు అని మా ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి అది వాడే ఛాన్సు ఇంకా రాలేదు.