యూఎస్‌బీ-సీ పాఠాలు – 4: మానిటర్ మంచిదే, కేబుల్ మార్చండి

గత పాఠం చదివి మానిటర్‌ను లాప్‌టాప్‌కు నేరుగా కలిపినవారిలో చాలామందికి తెర వెలగలేదు. తిరుపతి బాలాజీ కాలనీలో ఉండే ఒక విద్యార్థిని మానిటర్ పాడైందనుకుని ఆటోలో గాంధీ రోడ్డు దుకాణానికి మోసుకెళ్లింది. అక్కడ వెలిగింది. ఇంటికి తెచ్చాక మళ్లీ నల్లతెరే. దుకాణంలో మానిటర్ పెట్టెలో వచ్చిన పొట్టి కేబుల్ వాడారు. ఇంట్లో ఆమె బల్లకు అందుతుందని ఫోన్ ఛార్జర్ కేబుల్ పెట్టింది. కేబుల్ గురించి నేను ముందే చెప్పి ఉండాల్సింది. అందుకే ఈసారి హబ్‌ల (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే డబ్బాల) సంగతి ఆపి దీని మీదే కూర్చుందాం.

లాప్‌టాప్ పోర్టు చిత్రాన్ని పంపగలదో లేదో రెండో పాఠంలో చూశాం, మళ్లీ చెప్పను.

యూఎస్‌బీ-సీ పోర్టులో 24 పిన్నులు ఉంటాయి. కేబుల్ లోపల వాటన్నిటికీ తీగలు ఉండాలని లేదు. ఫోన్లతో వచ్చే కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలు, పాత యూఎస్‌బీ 2.0 తీగలు మాత్రమే ఉంటాయి. చిత్రం ప్రయాణించేది వేరే తీగల జతల మీద. ఆ జతలు లేని కేబుల్‌కు ఎంత ఖరీదైన మానిటర్ తగిలించినా వెలగదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది డబ్బా మీద కనిపించే వాట్ల అంకె. 100 వాట్లు, 240 వాట్లు అని చూడగానే అన్ని పనులకూ పనికొస్తుందని కొనేస్తారు. వాట్లు కరెంటుకు, గిగాబిట్లు వేగానికి. ఒకటి చూసి రెండోదాన్ని ఊహించకూడదు. 240 వాట్ల కేబుల్ కూడా సెకనుకు 480 మెగాబిట్ల దగ్గరే, అంటే పాత యూఎస్‌బీ 2.0 వేగం దగ్గరే ఆగిపోవచ్చు. వాట్లలోనూ ఒక మెలిక ఉంది: 3 ఆంపియర్లు దాటాలంటే కేబుల్‌లో గుర్తింపు చిప్ ఉండాలి. అది లేకపోతే 100 వాట్ల ఛార్జర్ కూడా 60 వాట్లే ఇస్తుంది. 20 వోల్టులను 3 ఆంపియర్లతో గుణించి చూడండి. కాబట్టి డబ్బా మీద రెండు అంకెలూ వెతకండి. వేగం రాయని కేబుల్‌ను ఛార్జింగ్ కేబుల్‌గానే లెక్కవేయండి. మీటరు పొడవు దాటినదాన్ని డేటా కోసం నేను కొనను.

పరీక్షకు పెన్‌డ్రైవ్ వద్దు, దాని నెమ్మదే అడ్డుపడుతుంది. బయటి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ డ్రైవ్) తీసుకుని, దాని సొంత కేబుల్‌తో 4 గిగాబైట్ల ఫైలు ఒకటి కాపీ చేసి సమయం రాసుకోండి. తర్వాత మీ కేబుల్‌తో అదే ఫైలు పంపండి. పది పదిహేను సెకన్లలో అయ్యేది నిమిషంన్నర దాటితే ఆ కేబుల్ యూఎస్‌బీ 2.0 వేగంతోనే నడుస్తోంది. ప్లగ్గును తిరగేసి మళ్లీ కొలవండి. ఒక వైపు వేగంగా, తిరగేస్తే నత్తనడకగా ఉంటే లోపల ఒక జత తెగిందనో పిన్ను అరిగిందనో అనుమానించండి. ఈ ఒక్క పరీక్ష చాలామంది చేయరు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ప్రతి సీ కేబుల్‌నూ రెండు కొనలు మార్చి, లాప్‌టాప్‌లో పెట్టే ఒక్కో కొనను రెండు వైపులా తిప్పి, నాలుగు విధాలా కొలవండి. ఛార్జింగ్‌కే పనికొచ్చేదానికి ఎర్ర దారం, వేగంగా ఉన్నదానికి తెల్ల దారం కట్టండి. నాలుగు కొలతలూ ఒకేలా రాకపోతే ఆ అంకెలు నాకు రాయండి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడతాను.