బృహద్ధమని అన్యూరిజమ్ - 3వ పాఠం: అల్ట్రాసౌండ్‌తో వ్యాసాన్ని కొలవడం

గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయిన బృహద్ధమని గోడ ఎందుకు పలచబడి సాగుతుందో, సాగేకొద్దీ ఆ గోడ మీద ఒత్తిడి ఎందుకు పెరుగుతుందో గత పాఠంలో చూశాం. ఇప్పుడు ప్రోబ్‌ను, అంటే ఒంటి మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరాన్ని, చేతిలోకి తీసుకుందాం. మూత్రపిండ ధమనులకు దిగువన ఉదర బృహద్ధమని వ్యాసం పెద్దవారిలో సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది. అది ఉబ్బి 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజమ్ అంటాం. సాధారణంగా పురుషులలో 5.5, స్త్రీలలో 5.0 సెంటీమీటర్ల దగ్గర శస్త్రచికిత్స ప్రస్తావన వస్తుంది. అంటే కొన్ని మిల్లీమీటర్ల తేడాతో ఒక రోగి ఆపరేషన్ థియేటర్‌కూ, మరొక రోగి ఇంటికీ వెళతారు కనుక, ఆ అంకెను ఎలా రాబట్టామన్నది చికిత్సలో భాగమే.

ముందుగా నిర్ణయించుకున్న పరీక్ష అయితే రోగిని కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మనాలి. పేగుల్లో గాలి తక్కువగా ఉంటే లోపలి భాగాలు బాగా కనిపిస్తాయి. అత్యవసర పరిస్థితిలో దీనికోసం ఆగకూడదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, వంపు తిరిగిన ప్రోబ్‌ను రొమ్ము ఎముక చివరకు కాస్త కింద అడ్డంగా ఆనించండి. తెర మీద మొదట వెతకవలసింది ధమనిని కాదు, వెన్నుపూసను: మెరిసే వంపుగీత, దాని వెనుక నల్లటి నీడ. ఆ గీతకు ముందు రెండు గుండ్రటి నాళాలుంటాయి. రోగికి ఎడమవైపున, అంటే తెర మీద మనకు కుడివైపున ఉన్నది బృహద్ధమని. రెండవది అధో మహాసిర. పక్కనున్న ధమని తాకిడికి సిర కూడా కొట్టుకుంటున్నట్లు కనిపించవచ్చు కాబట్టి, కదలికను ఒక్కదాన్నే నమ్మకండి. ప్రోబ్‌తో నొక్కితే సిర అణగిపోతుంది, గట్టిగా ముక్కుతో గాలి పీల్చమంటే సన్నబడుతుంది. బృహద్ధమని గోడ మందంగా, మెరుస్తూ ఉంటుంది, అంత సులభంగా అణగదు.

అక్కడి నుంచి ధమనిని విడవకుండా, అది రెండు కొమ్మలుగా చీలే చోటు వరకు, అంటే ఇంచుమించు బొడ్డు దాకా, ప్రోబ్‌ను నెమ్మదిగా దించండి. దారిలో పేగు గాలి అడ్డొస్తే ప్రోబ్‌ను అటూఇటూ ఆడించడం కన్నా, ఒకేచోట నిలిపి నిదానంగా నొక్కి ఉంచితే గాలి పక్కకు తొలగుతుంది. అప్పటికీ ఏదైనా భాగం కనిపించకపోతే ఆ సంగతిని రిపోర్టులో స్పష్టంగా రాయాలి. చూడని భాగాన్ని కూడా కలిపి ‘సాధారణం’ అని రాసేసే అలవాటు మన దగ్గర కొత్తేమీ కాదు.

అసలు తప్పులు జరిగేది కొలతలోనే. దోసకాయను ఏటవాలుగా కోస్తే చక్రం ఎలా సాగిపోతుందో, వంకర తిరిగిన ధమనిని ప్రోబ్ ఏటవాలుగా కోసినప్పుడు వ్యాసం అలాగే ఎక్కువగా వస్తుంది. అందుకే ధమని నడకకు లంబంగా కొలవాలి. నిలువు కోతలోనూ చూసి, రెండు అంకెలూ పొసగుతున్నాయో లేదో సరిచూసుకోవాలి. దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఇంకా ప్రమాదకరం. అన్యూరిజమ్ లోపలి అంచున రక్తపు గడ్డ తరచు పేరుకొని ఉంటుంది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్‌లో రక్తం పారే మధ్య దారి మాత్రమే రంగుతో నిండుతుంది. ఆ రంగును చూసి కొలిస్తే 5 సెంటీమీటర్ల అన్యూరిజమ్ 3 సెంటీమీటర్లుగా నమోదు కావచ్చు. గడ్డను కూడా లోపలికి కలుపుకొని, ముందుగోడ బయటి అంచు నుంచి వెనుకగోడ బయటి అంచు దాకా కొలవండి. ఇంగ్లండ్‌లోని జాతీయ స్క్రీనింగ్‌లో లోపలి అంచుల మధ్య కొలుస్తారు, అందువల్ల అంకె కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. మీరు ఏ పద్ధతి పాటించినా దాన్ని రిపోర్టులో రాసి, ప్రతిసారీ అదే పాటించాలి.

4.0 నుంచి 5.4 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాటికి ముందుగానే శస్త్రచికిత్స చేస్తే ఆయుష్షు పెరగదని బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ జరిగిన రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. అందుకే చిన్న అన్యూరిజమ్‌కు క్రమం తప్పని స్కాన్ కూడా సరైన వైద్యమే. అమెరికా రక్తనాళ శస్త్రవైద్యుల సంఘం 2018 సూచనల ప్రకారం 3.0-3.9కి మూడేళ్లకోసారి, 4.0-4.9కి ఏడాదికోసారి, 5.0-5.4కి ఆరు నెలలకోసారి చూడాలి. ఈ లోపు రోగి సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే మానేయాలి. అన్యూరిజమ్ వేగంగా పెరగడానికి పొగాకు పెద్ద కారణం.

నొప్పి ఉన్న రోగి దగ్గర ఈ గడువులేవీ వర్తించవు. ఐన్‌స్టీన్‌కు 1948లో శస్త్రవైద్యుడు రుడాల్ఫ్ నిస్సెన్ అన్యూరిజమ్ చుట్టూ సెల్లోఫేన్ చుట్టారు; 1955 ఏప్రిల్‌లో అదే పగిలి ఆయన మరణించారు. ఆయన నొప్పి పిత్తాశయపు నొప్పిని పోలి ఉండేది. మూత్రపిండంలో రాయి అనుకొని పొరబడటం మరింత సాధారణం. అరవై దాటిన వ్యక్తికి మొదటిసారిగా నడుము పక్కన నొప్పి వస్తే, రాయి అని రాసే ముందు ప్రోబ్‌ను ఒక్కసారి ధమని మీద పెట్టండి. అన్యూరిజమ్ కనిపించి, రక్తపోటు పడిపోతూ ఉంటే పగిలిందనే భావించి వెంటనే శస్త్రవైద్యుణ్ణి పిలవాలి. పొట్ట వెనుక భాగంలోకి కారిన రక్తం అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు కనిపించదు కనుక, అది కనిపించలేదని ఊరుకోకూడదు.

అభ్యాసం: 68 ఏళ్ల పురుషుడికి నిరుడు 4.6, ఈ ఏడు వేరొక కేంద్రంలో 5.2 సెంటీమీటర్లు వచ్చింది, నొప్పి లేదు. ఇది నిజమైన పెరుగుదలా, పద్ధతుల తేడానా తేల్చడానికి ఆ రెండు స్కాన్ చిత్రాలలో మీరు ఏయే అంశాలు చూస్తారో రాయండి. ఈ రోగినే తీసుకొని, సీటీ ఆంజియోగ్రామ్‌లో (రక్తనాళాలను చూపే సీటీ స్కాన్‌లో) అన్యూరిజమ్ మెడ (మూత్రపిండ ధమనులకూ ఉబ్బుకూ మధ్య ఉన్న ధమని భాగం) పొడవును బట్టి పొట్ట తెరిచే శస్త్రచికిత్సా, స్టెంట్ గ్రాఫ్టా (ధమని లోపల అమర్చే గొట్టమా) అని నిర్ణయించడం 4వ పాఠంలో నేర్చుకుంటాం.