సొంత చిరునామా – మూడో పాఠం: పేరు కొని ఫైళ్లకు కలపడం

మనకంటూ ఒక వెబ్‌సైటు పెట్టుకోవడం నేర్పే ఈ వరుసలో మొదటి రెండు పాఠాల్లో చెప్పిన పని చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఒక ఫోల్డర్ ఉండాలి. అందులో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే మొదటి పేజీ, ఆడియో ఫైళ్లు, ఒకటో రెండో ఫోటోలు ఉండాలి. మొదటి పేజీ మీద రెండుసార్లు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకుని తెలుగు శుభ్రంగా కనపడాలి. పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే మీ మేటర్ ఇంకా డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంటులోనే ఉన్నట్టు. రెండో పాఠానికి వెళ్లి యూనికోడ్‌లోకి మార్చుకుని రండి, తొందరేం లేదు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. ఈ పాఠాల్లో ఉదాహరణ కోసం ఇద్దరిని కల్పించుకున్నాం. ఒకరు వింజమూరు తాతయ్య, పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టి పేరు తెచ్చుకున్నాయన. ఇంకొకరు ఆయన మనవరాలు, నెల్లూరు ట్రంకు రోడ్డులో డీటీపీ షాపులో పని చేస్తుంది. పాత క్యాసెట్ల నుంచి తాతయ్య పద్యాలు ఎక్కించి ఒక వీడియో సైటులో పెడితే, ఏదో ఆడియో కంపెనీ హక్కు అంటూ ఆ సైటులోని ప్రోగ్రాం వాటిని తీసేసింది. ఆయన పాడినవి తిరుపతి వేంకట కవుల పద్యాలు. ఇద్దరు కవుల్లో చివరగా పోయిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు కన్నుమూసింది 1950లో. మన కాపీరైటు చట్టం లెక్కలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయినవారి నుంచి లెక్కపెట్టాలి. అంటే 2010తోనే ఆ పద్యాలు అందరివీ అయిపోయాయి. గొంతు తాతయ్యది, హార్మోనియం వాయించినాయన సరేనన్నాడు. అయినా ప్రోగ్రాంతో వాదించేదెవరు? అందుకే సొంత సైటు పెట్టుకుందామనుకున్నారు. అలాగని సొంత సైటులో ఏదైనా పెట్టేయొచ్చని అనుకోవద్దు. కంపెనీ క్యాసెట్ నుంచి ఇంకొకరి గొంతు ఎత్తి పెడితే చట్టం అక్కడికీ వస్తుంది.

ఇవాళ్టి పని రెండు ముక్కలు. వెబ్‌లో మనకంటూ ఒక పేరు కొనాలి. ఆ పేరు కొట్టినవాళ్లకు మన ఫోల్డర్ తెరుచుకునేలా చేయాలి. పేరును డొమైన్ అంటారు, ఫైళ్లు ఉండే చోటును హోస్టింగ్ అంటారు. అమ్మేవాళ్లు రెండూ కలిపి ఒకే బిల్లులో అమ్మజూస్తారు. మీరు విడివిడిగానే తీసుకోండి. సెల్ నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలు మనకు దేశమంతటా 2011 జనవరి నుంచి ఉంది కదా, ఇదీ అంతే. డొమైన్ నంబరు, హోస్టింగ్ కంపెనీ. నంబరు మన పేరున ఉంటే చాలు, కంపెనీ ఏమైపోయినా చుట్టాలందరికీ మళ్లీ ఫోన్లు చేసి చెప్పుకునే పని ఉండదు.

సైట్లు ఏమైపోవడం కూడా అరుదేం కాదు. జియోసిటీస్ 2009లో, ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్‌లో మూతపడ్డాయి. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. మైస్పేస్ సంగతి ఇంకా విడ్డూరం. ఆ సైటు మూతపడలేదు. సర్వర్లు మార్చేటప్పుడు 2015కు ముందు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో చల్లగా చెప్పింది. వీటిని చూపించి ఆ సైట్లు మానేయమని చెప్పడం లేదు. పద్యం వినే జనం అక్కడే ఉన్నారు. అసలుది మన చోట ఉంచండి, అక్కడ ఒక కాపీ పెట్టండి, దాని కింద మన చిరునామా రాయండి.

పేరు దగ్గరికి వద్దాం. తాతయ్య మొదట చెప్పిన పేరు ‘శ్రీకృష్ణ పద్యగాన సుధాలహరి’.

“తాతా, ఈ పేరు ఫోన్లో చెప్తే కావలి పెదనాన్న ఎట్టా టైపు చేస్తాడు?”

“ఎట్టా చేసేదేందమ్మా, మనం పలికినట్టే చేస్తాడు.”

మనవరాలు అక్కడికక్కడే పెదనాన్నకు ఫోన్ చేసింది. ఆయన సుధలో హెచ్ వదిలేశాడు, పద్యంలో డి రెండుసార్లు కొట్టాడు, గాన దగ్గర ‘ఎ’ ఒకటా రెండా అని ఈమెనే ఎదురడిగాడు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మనలో ఒక్క పద్ధతి లేదు, పేరు పెట్టేటప్పుడు ఇదే పెద్ద చిక్కు. కాబట్టి దీర్ఘాలూ ఒత్తులూ తక్కువున్న చిన్న పేరు చూసుకోండి. మధ్యలో గీతలు, అంకెలు వద్దు. ఊరి పేరు కలిపితే బాగా గుర్తుంటుంది, స్పెల్లింగ్ మాత్రం బస్సు బోర్డు మీద ఉన్నదే వాడండి. వీళ్లు చివరికి ఊరి పేరూ, పద్యం అనే మాటా కలిపి సరిపెట్టుకున్నారు. తాతయ్యకు అసంతృప్తే. సుధాలహరి మొదటి పేజీలో హెడ్డింగ్‌గా వచ్చింది.

తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా కొనుక్కోవచ్చు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఇంటర్నెట్ లోలోపల దాన్ని ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా మార్చుకుంటుంది, కొన్ని యాప్‌లలో ఆ గజిబిజే బయటికి కనపడుతుంది. ముచ్చటకు రెండో పేరుగా కొనండి, మొదటిదిగా వద్దు. మొదటిది డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఒకటే. డాట్ ఇన్ పేర్లను మన దేశంలో నిక్సీ అనే సంస్థ చూసుకుంటుంది, మనకు అమ్మేది దాని గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్లు.

కొనేటప్పుడు పెద్దక్షరాల్లో ఉన్న మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి. రెన్యువల్ ఎంతో చిన్నక్షరాల్లో ఉంటుంది, మీరు ఏటా కట్టేది అదే. మామూలు పేర్లకు ఏడాదికి వందల్లో, మహా అయితే వెయ్యి పైచిలుకులో తేలుతుంది. బిల్లులో వాళ్లంతట వాళ్లే చేర్చే ఈమెయిల్ ప్యాకేజీ, సైట్ బిల్డర్ లాంటివి తీసేయండి. బ్రౌజర్‌లో తాళం గుర్తు రావడానికి సర్టిఫికెట్ కొనమంటారు. అదీ వద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ 2015 చివరి నుంచి దాన్ని ఉచితంగా ఇస్తోంది.

ఇక అసలు జాగ్రత్త. పేరు ఎవరి ఖాతాలో ఉందో వాళ్లదే. “మా మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాడే కొనిపెడతాడు” అంటారు. కొనిపెట్టనివ్వండి, డబ్బు కూడా కట్టనివ్వండి. కానీ ఖాతా మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో తెరవమనండి. మేనల్లుడు మంచివాడే, ఉద్యోగం మారి ఆఫీసు ఈమెయిల్ పోయిన రోజున ఆ మంచితనం అక్కరకు రాదు. షాపు ఈమెయిల్ కూడా వద్దు. కొనబోయే డొమైన్ మీదే పెట్టుకున్న ఈమెయిల్ అసలే వద్దు, ఎందుకంటే పేరు ఆగిపోతే పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ కూడా అందదు.

రెన్యువల్ దగ్గర మనదేశంలో ఇంకో మెలిక ఉంది. ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటారు. కార్డు నుంచి దానంతటదే డబ్బు వెళ్లే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి. వాటికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకోని విదేశీ కంపెనీలకు మన కార్డుల నుంచి డబ్బు దానంతటదే వెళ్లదు. యూపీఐ తీసుకునే రిజిస్ట్రార్ దగ్గర మూడేళ్లకో ఐదేళ్లకో ఒకేసారి కట్టేయండి. ఎక్కువలో ఎక్కువ పదేళ్ల దాకా కట్టవచ్చు. గడువు దాటితే డాట్ కామ్ పేరుకు ముందు కొన్ని వారాలు వెసులుబాటు ఉంటుంది, తర్వాత జరిమానాతో విడిపించుకునే 30 రోజులు, ఆపైన 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా వదిలేసిన తెలుగు పేర్లలో రమ్మీ, బెట్టింగ్ పేజీలు తెరుచుకోవడం మీరు చూసే ఉంటారు. తాతయ్య పేరు కొడితే పేకాట వస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. రిజిస్ట్రార్ పేరు, ఖాతా ఈమెయిల్, గడువు తేదీ ఒక కాగితం మీద రాసి రేషన్ కార్డు, పాస్ పుస్తకం ఉన్న చోట పెట్టండి. ఖాతాదారు పెద్దవాళ్లయితే ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

హోస్టింగ్ తేలిక. మనవి మారని పేజీలు, మారని ఆడియో, కాబట్టి డబ్బు కట్టక్కర్లేదు. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై ఇలాంటి సైట్లను ఉచితంగా ఉంచుతాయి. మనం గిట్‌హబ్‌తో చేద్దాం. సైటు మొత్తం 1 జీబీ దాటకూడదంటుంది. బ్రౌజర్ నుంచి ఎక్కించే ఒక్కో ఫైలు 25 ఎంబీ లోపు ఉండాలి. పద్యానికి 64 కేబీపీఎస్ మోనో ఎంపీత్రీ సరిపోతుంది, నిమిషానికి అర ఎంబీ కూడా కాదు. ఆ లెక్కన 1 జీబీలో 34 గంటల పాట పడుతుంది. తాతయ్య రాయబారాలన్నీ పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. వీడియోలు మాత్రం ఇక్కడ పట్టవు. వాటిని వీడియో సైటులోనే పెట్టి, అసలు ఫైళ్లను హార్డ్‌డిస్కులో దాచండి.

గిట్‌హబ్ కూడా 2018 నుంచి మైక్రోసాఫ్ట్ చేతిలో ఉంది, మరి స్వతంత్రం ఎక్కడుందని అడుగుతారు. సరైన ప్రశ్నే. మెషీన్ ఎవరిదైనా నేను పట్టించుకోను. అక్కడినుంచి రేపు బయటపడాలంటే ఎంతసేపు పడుతుందో అది చూస్తాను. సర్వర్ ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. సరదాకైతే పెట్టుకోండి. కానీ తుఫాను వచ్చిన ప్రతిసారీ మన తీరంలో కరెంటు ఎన్నాళ్లు పోతుందో తెలిసిందే. పైగా చాలా నెట్ కనెక్షన్లు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి ఐపీ, అంటే నెట్‌లో మెషీన్‌ను గుర్తుపట్టే నంబరు, ఇస్తాయి, బయటివాళ్లు నేరుగా మీ కంప్యూటర్‌కు చేరలేరు.

ఇప్పుడు కలపడం. గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి, ఫైళ్లు పెట్టుకునే కొత్త రిపాజిటరీ పబ్లిక్‌గా పెట్టండి. దాని పేరు మీ యూజర్ నేమ్, దాని వెనక డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ. అందులోకి ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఎక్కించండి. సెట్టింగ్స్‌లో పేజెస్ తెరిచి, కస్టమ్ డొమైన్ అన్న చోట కొన్న పేరు రాసి సేవ్ చేయండి. ఈ పని ముందే చేయాలి. పేరును ముందుగా గిట్‌హబ్ వైపు తిప్పేసి ఇక్కడ రాయకుండా వదిలేస్తే, వేరొకరు ఆ పేరును తమ సైటుకు తగిలించుకునే సందు ఉంటుంది.

తర్వాత రిజిస్ట్రార్ దగ్గర, పేరు కొట్టినవాళ్లను ఏ మెషీన్‌కు పంపాలో రాసి ఉండే డీఎన్‌ఎస్ రికార్డులు తెరవండి. వాళ్ల ప్రకటన పేజీకి వెళ్లే పాత ‘ఎ’ రికార్డు ఉంటే తీసేయండి. అది ఉండిపోవడం వల్లే చాలామందికి సైటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కొత్తగా నాలుగు ‘ఎ’ రికార్డులు చేర్చాలి: 185.199.108.153, 185.199.109.153, 185.199.110.153, 185.199.111.153. నాలుగింటికీ పేరు గడిలో @ గుర్తు పెట్టాలి. ఇంకొకటి సీనేమ్ రికార్డు, అంటే ఒక పేరును ఇంకో పేరు వైపు తిప్పేది. పేరు గడిలో డబ్ల్యూ మూడుసార్లు, ఎదుటి గడిలో మీ యూజర్ నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ. సేవ్ చేసి భోజనానికి వెళ్లండి. ఒక్కోసారి గంటలో పడుతుంది, ఒక్కోసారి 24 గంటలు తీసుకుంటుంది. ఈలోపు టెన్షన్ పడి రికార్డులు మార్చకండి, మార్చినకొద్దీ ఆలస్యమే. పేరు కొడితే సైటు తెరుచుకున్నాక సెట్టింగ్స్‌లో ఎన్‌ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ టిక్ చేస్తే తాళం గుర్తు వస్తుంది.

పేజీ వచ్చి ఆడియో రాకపోతే ఫైలు పేర్లు చూడండి. మన విండోస్‌కు ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు ఒకటే. సర్వర్‌కు వేరువేరు. అన్నీ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. ఫైలు పేరు తెలుగులో పెట్టినా పని చేస్తుంది గానీ, లింకు వాట్సాప్‌లో కాపీ చేసినప్పుడు ఒక్కో గుర్తూ తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. ‘రాయబారం’ అన్న ఒక్క మాట 63 అక్షరాల పొడుగు తేలుతుంది. ఎవరూ నొక్కరు.

ఇంటిపని. ఇదే ఫోల్డర్‌ను నెట్లిఫైలో ఖాతా తెరిచి అక్కడ కూడా వదలండి. మౌస్‌తో లాగి పడేస్తే చాలు, తాత్కాలిక చిరునామా ఒకటి ఇస్తుంది. దాంట్లో ప్రతి లింకూ నొక్కి చూడండి. ఏదైనా లింకు మిమ్మల్ని మళ్లీ గిట్‌హబ్ చిరునామాకు తీసుకుపోతే, మీ పేజీలో ఆ లింకు పూర్తి చిరునామాతో రాశారన్నమాట. దాన్ని ఉత్త ఫైలు పేరుగా మార్చండి. అన్ని లింకులూ రెండు చోట్లా ఒకేలా పని చేసేదాకా దిద్దండి, సొంత పేరు కూడా ఒకసారి అటు తిప్పి, మళ్లీ ఇటు తెచ్చుకోండి. నాలుగో పాఠంలో కొత్త పద్యం పెట్టినప్పుడల్లా వినేవాళ్లకు కబురు వెళ్లేలా ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు రాద్దాం. దానికి ప్రతి ఆడియో ఫైలు పక్కన పద్యం పేరు, పాడిన తేదీ, నిడివి, ఫైలు సైజు బైట్లలో రాసిన పట్టిక కావాలి, సిద్ధం చేసి ఉంచండి.