దేవుడు, దుఃఖం, తర్కం – నాలుగో పాఠం: కర్మ అనే జవాబు ఎంతవరకు?

ఈసారి మనిషి స్వేచ్ఛ గురించి మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. మీలో చాలామంది ఒకే చోట జారారు.

అడిగింది ఇది. దేవుడు సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, ప్రేమమయుడు, లోకంలో ఘోరమైన దుఃఖం ఉంది. ఈ నాలుగూ ఒకేసారి నిజం కాగలవా? ఉదాహరణగా 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో జరిగింది చెప్పాను. ఇంట్లోవాళ్లతో కలిసి కొండెక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఎక్కువమంది 'పూర్వజన్మ కర్మ' అని రాసి పెన్ను కింద పెట్టేశారు. కొందరు 'కాబట్టి దేవుడు లేడు' అని రాశారు.

రెండో గుంపుకు జవాబు చిన్నదే. మీ నాలుగు వాక్యాల్లో కనబడని ఐదో వాక్యం ఒకటి దాక్కుని ఉంది: 'ప్రేమ ఉన్నవాడు తాను ఆపగలిగిన ప్రతి దుఃఖాన్నీ ఆపేస్తాడు.' 1955లో జె. ఎల్. మాకీ అనే తత్వవేత్త దేవుడి సర్వశక్తికీ, మంచితనానికీ, లోకంలోని చెడుకూ పొసగదని వాదించినప్పుడు ఇలాంటి వాక్యాన్ని దాచకుండా బయటే పెట్టాడు. 1974లో దేవుణ్ణి నమ్మే తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా ఆ వాదాన్ని దెబ్బ కొట్టింది అక్కడే. నేను ఏ వాదం చదివినా ముందు ఆ దాక్కున్న వాక్యాన్నే వెతుకుతాను, మిగతాది తర్వాత. మీరూ అలాగే చేయండి.

ఇక కర్మ. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో 34వ సూత్రం ఈ సమస్యనే ఎత్తుకుంటుంది. ఒకరికి సుఖం, ఒకరికి కష్టం ఇచ్చే ఈశ్వరుడు పక్షపాతి కాడా, దయలేనివాడు కాడా అన్నది ఆక్షేపణ. కాదు, ఆయన జీవుల కర్మను బట్టి ఇస్తాడన్నది సమాధానం. శంకరులు వాన ఉదాహరణ చెబుతారు: వాన అన్ని పైర్లకూ ఒకటే, ఏది మొలవాలన్నది విత్తనాన్ని బట్టి. మరి మొట్టమొదటి తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, సంసారం అనాది అంటుంది తర్వాతి సూత్రం.

బలమైన వాదమే. కానీ అది చేసే పని ఒక్కటే, ఈశ్వరుడి మీద పడ్డ నిందను తొలగించడం. ఆ పాప ఏం చేసిందో అది చెప్పదు. మీరు మాత్రం చెప్పేశారు. సాధారణ సిద్ధాంతాన్ని తెచ్చి ఒక పసిబిడ్డ మీద తీర్పుగా మార్చారు. సూత్రం మీకు ఆ అధికారం ఇవ్వలేదు. ఏ కర్మకు ఏ ఫలమో మనకు కనబడదని ఒప్పుకున్నవాళ్లు, దుఃఖపడే మనిషిని చూపించి 'ఇదీ కారణం' అనలేరు.

2021 నవంబర్ వానలు తీసుకోండి. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచాయి. ఇల్లు మునిగినవాళ్లందరూ పాపులు, మేడ మీద ఉన్నవాళ్లు పుణ్యాత్ములు అనగలరా? 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అక్కడ 'కర్మ' అంటే ఇంకో నష్టం కూడా ఉంది. జనాన్ని ఎవరు అంచనా వేశారు, గేటు ఎవరు తీశారు అని అడగాల్సిన నోళ్లు మూతపడతాయి. మన పల్లెల్లో చావింటికి వెళ్లి 'రాతమ్మా, ఏం చేస్తాం' అంటారు. అది పక్కన కూర్చోవడం, దాన్ని నేను తప్పుపట్టను. ఆ మాటనే వాదంగా రాసి పంపితే ఒప్పుకోను.

కర్మవాదానికి న్యాయంగా దక్కాల్సింది కూడా చెప్పాలి. 1979లో నాస్తిక తత్వవేత్త విలియం రో తన వాదానికి ఉదాహరణగా అడవి మంటల్లో కాలి, రోజుల తరబడి బాధపడి చచ్చిపోయే జింకపిల్లను ముందు పెట్టాడు. ఎండాకాలం శేషాచలం అంటుకోవడం చూసిన మనకు అది దూరపు ఊహ కాదు. దుఃఖం మనిషి తన స్వేచ్ఛతో చేసిన తప్పుల వల్లే వస్తుందనే జవాబు ఆ పిల్ల దగ్గర తడబడుతుంది. జింకా జీవుడే, దానికీ వెనక జన్మలున్నాయి అనే కర్మవాదానికి అక్కడ కనీసం ఒక మాటైనా ఉంది.

అయినా మూడో వాక్యం, ప్రేమ, అలాగే ఉండిపోయింది. లెక్క సరిగ్గా చూసేవాడు న్యాయమూర్తి అవుతాడు, ప్రేమించేవాడు అవ్వాలంటే ఇంకేదో కావాలి. వైష్ణవ ఆచార్యులు వేదాంత దేశికులు తిరుమల శ్రీనివాసుడి దయ మీదనే దయాశతకం రాశారు. జ్ఞానం, బలం లాంటి గుణాలన్నీ దయ తోడు లేకపోతే దోషాలే అవుతాయని అందులో ఆ దయనే దేవిగా పిలిచి చెబుతారు. నా నమ్మకం కూడా అక్కడే నిలబడింది. కానీ ఆ దయ చిరుతను ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు నా నమ్మకం జవాబు కాదు. ఆ రెండింటినీ కలిపి రాయకండి.

అభ్యాసం: మీరు నమ్మేవారైతే నమ్మనివారి వాదాన్ని, నమ్మనివారైతే కర్మవాదాన్ని ఒక పేజీ రాయండి. అవతలి పక్షం మనిషి ఒకరికి చదివి వినిపించండి. 'అవును, నేను చెప్పేది ఇదే' అని ఆ మనిషి అనేదాకా తిరగరాయండి. 'కర్మ', 'లీల', 'పరీక్ష' అనే మూడు మాటలు వాడిన ప్రతి చోటా, ఆ మాట ఏ ప్రశ్నకు జవాబో పక్కన పూర్తి వాక్యంగా రాయండి. అది రాయలేకపోతే ఆ మాట కొట్టేయండి. ఈ పేజీ పూర్తిచేసినవాళ్లకే వచ్చే పాఠం అర్థమవుతుంది.